కాంటా గది కంప్యూటర్‌కు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కట్టడం: ఏ టూల్, ఎందుకు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు వేబ్రిడ్జి (లారీలను తూచే కాంటా) సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. ధాన్యం లారీ కాంటా ఎక్కగానే బరువు చదవాలి, సరుకు దించాక ఖాళీ లారీ బరువు తీసేయాలి, తక్‌పట్టీ (బరువు చీటీ) అచ్చు వేయాలి. పని ఇంతే. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, ఎలక్ట్రాన్ మేలా, టౌరీ మేలా?" అని అడుగుతారు. రెండూ వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చేసే టూల్స్. "కాంటా గదిలో ఏ విండోస్ ఉందో చూశావా తమ్ముడూ?" అంటాను. చాలామంది చూసి ఉండరు.

ఎడిటర్ తెరవకముందే ఆ గదికి వెళ్లండి. విండోస్ ఏ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా, ర్యామ్ ఎంత, ప్రింటర్ ఏది, కాంటా ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ కేబుల్ కంప్యూటర్‌కు ఎలా తగులుతోంది అన్నవి కాగితం మీద రాసుకోండి. గుమస్తాను అడిగితే "కొత్త కంప్యూటరే సార్" అంటాడు. కొత్తదంటే యజమాని ఇంట్లో పాతబడ్డాక ఇక్కడికి వచ్చిందని అర్థం. ఊక దుమ్ము తుడిచి మీరే చూడండి.

అక్కడ విండోస్ 7 కనిపిస్తే మీ ఎంపిక సగం అయిపోయినట్టే. పైథాన్‌లో వెర్షన్ 3.8, గో భాషలో 1.20, రస్ట్ భాషలో 1.77, ఎలక్ట్రాన్‌లో 22, తెరలు కట్టే సీ++ లైబ్రరీ క్యూటీలో 5.15 దాటితే ఆ యంత్రం మీద అధికారిక మద్దతు లేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ అందరికీ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అందుకే అలాంటి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కలపవద్దని యజమానికి కాగితం మీద రాసి ఇస్తాను. చదవరు, అయినా ఇస్తాను.

ఇక టూల్స్ సంగతి. బిల్డ్ చేయడం (కోడ్‌ను నడిచే ఫైలుగా మార్చడం) ఒక పని, ప్యాకేజీ కట్టడం (దాన్ని ఇన్‌స్టాల్ చేసుకునేలా సర్దడం) మరో పని. రెండూ ఒకే టూల్ చేసిపెడుతుందని ఎవరైనా చెబితే కాస్త అనుమానించండి. పైథాన్ వాళ్లకు, కోడ్‌ను నడిచే ఫైలుగా కట్టే పైఇన్‌స్టాలర్ తెలిసే ఉంటుంది. అయితే లినక్స్‌లో కూర్చుని విండోస్ ఫైలు చేయడం దానితో కుదరదు, ఏ సిస్టమ్‌కు కావాలో ఆ సిస్టమ్‌లోనే నడపాలి. ఒకే ఫైలుగా కట్టే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది కానీ, తెరిచిన ప్రతిసారీ అది తనను తాను తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ మీద ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది, యాంటీవైరస్ కూడా ఊరికే దొంగ అనుకుంటుంది. ఫోల్డర్‌గానే కట్టి, దాన్ని ఇన్నో సెటప్ (విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసే టూల్)తో ఇన్‌స్టాలర్‌లో పెట్టండి.

గో భాషకు ఈ బాధ తక్కువ. ఏ సిస్టమ్‌కు, ఏ ప్రాసెసర్‌కు అన్న రెండు వేరియబుల్స్ మారిస్తే ఒకే ల్యాప్‌టాప్ మీద అన్నిటికీ ఫైళ్లు తయారవుతాయి. సీ భాషలో రాసిన లైబ్రరీ ఒక్కటి కలిసిందంటే మాత్రం ఆ సుఖం పోతుంది, ఒక్కో సిస్టమ్‌కు తగిన సీ కంపైలర్ వెతుక్కోవాలి. ఎలక్ట్రాన్ తన వెంట క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని మోసుకొస్తుంది, రెండు జీబీ ర్యామ్ ఉన్నచోట దాని పేరెత్తకండి. టౌరీ సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే (వెబ్ పేజీ చూపించే భాగాన్నే) వాడుకుంటుంది కాబట్టి తేలిక. కానీ విండోస్‌లో వెబ్‌వ్యూ 2, లినక్స్‌లో వెబ్‌కిట్ కావడంతో ఒకే పేజీ రెండుచోట్లా ఒకేలా కనబడుతుందన్న హామీ లేదు.

నేను క్యూటీ 5.15, బిల్డ్‌కు సీమేక్, ఇన్‌స్టాలర్‌కు ఇన్నో సెటప్ వాడతాను. సీరియల్ పోర్టు చదవడానికి క్యూటీలోనే మాడ్యూల్ ఉంది, పోర్టు పేరు విండోస్‌లో కామ్ 3 అయినా లినక్స్‌లో టీటీవై యూఎస్‌బీ 0 అయినా ఒకే కోడ్. క్యూటీని ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద తీసుకుంటే దాని డీఎల్‌ఎల్ (లైబ్రరీ) ఫైళ్లను విడిగానే ఉంచండి, స్టాటిక్‌గా, అంటే మీ ప్రోగ్రామ్ ఫైలులోనే కలిపితే అదనపు షరతులు మీద పడతాయి. నేను క్యూటీ వాడటానికి అసలు కారణం వేరే ఉంది. తెలుగు వత్తులను అది సరిగ్గా కూర్చుతుంది. ఏ టూల్ తీసుకున్నా ముందు "లక్ష్మమ్మ", "జ్యోత్స్న" అని రెండు పేర్లు తెర మీదా కాగితం మీదా అచ్చు వేసి చూడండి. వత్తు పక్కకు జారి పొల్లు బయటపడితే ఆ టూల్ వద్దు. తెలుగు చూపించే నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8 నుంచే వచ్చింది, అందుకే నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్యాకేజీలోనే పెట్టేస్తాను. దాని లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సొంత అక్షరాల్లో తెలుగు ఉండదు, బొమ్మగా పంపాలి.

లినక్స్ ఉన్న మిల్లుకైతే మీరు మద్దతిచ్చే వాటిలో అన్నిటికన్నా పాత ఉబుంటులో బిల్డ్ చేయండి. ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఉబుంటు 24.04లో 2.39, 20.04లో 2.31. కొత్తదాంట్లో కట్టింది పాతదాంట్లో చాలావరకు తెరుచుకోదు. మీ సిస్టమ్ మీదే డాకర్ అనే కంటెయినర్ టూల్‌లో పాత ఉబుంటు పెట్టుకుంటే సరిపోతుంది. ఉబుంటు వారి స్నాప్ ప్యాకేజీకి సీరియల్ పోర్టు అనుమతి దానంతట అది రాదు, చేత్తో ఇవ్వాలి. అందుకే నేను మామూలు డెబ్ ప్యాకేజీ ఇస్తాను. గుమస్తా యూజర్‌ను సీరియల్ పోర్టు వాడే హక్కున్న డయల్‌అవుట్ గ్రూపులో చేర్చడం మరవకండి, లేకపోతే బరువు రాదు, నింద కాంటా మీద పడుతుంది.

మాక్ గురించి యజమాని కొడుకు అడుగుతాడు. నోటరైజేషన్ (ప్రోగ్రామ్‌ను ఆపిల్ తనిఖీ చేసి ఆమోదించడం) కోసం ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలని చెబితే మాట మారుస్తాడు.

ఇన్‌స్టాలర్‌ను పరీక్షించేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, విజువల్ స్టూడియో (మైక్రోసాఫ్ట్ కోడింగ్ టూల్) ఎన్నడూ ఎక్కని వర్చువల్ మెషీన్‌లో. ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన వీసీ రన్‌టైమ్ 140 డీఎల్‌ఎల్ లేదన్న ఫిర్యాదు అక్కడే కనిపించాలి, సీజన్‌లో లారీలు వరుస కట్టినప్పుడు కాదు. డేటాబేస్ ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి, మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు లేదు. ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో పెట్టి, గుమస్తాకు రాసే అనుమతి ఇన్‌స్టాలర్‌తోనే ఇప్పించండి. ఇన్నో సెటప్‌లో ఆ ఫైలుకు అన్‌ఇన్‌స్టాల్ చేసినా తొలగించవద్దన్న గుర్తు తప్పకుండా పెట్టండి. ఎవరో ఒకరు "ఒకసారి తీసేసి మళ్లీ వేద్దాం" అంటారు, తక్‌పట్టీలన్నీ ఆ ఫైలులోనే ఉంటాయి.