మోడు కొట్టేసిన చోట పెట్టె కట్టండి

కోనసీమ తోటల్లో ఎండిన కొబ్బరి మోడును ఎక్కువ రోజులు నిలబెట్టరు, నిలబెట్టకూడదు కూడా. కుళ్ళే మొద్దులో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. అందులోంచి లేచిన పురుగు పక్క చెట్ల మొవ్వు తొలిచేస్తుంది. రైతు మోడు కొట్టేయడం న్యాయమే. కాకపోతే పాలపిట్ట, పైడికంటె గూబ అనే చిన్న గుడ్లగూబ, పెద్ద నల్లంచి అనే నలుపు తెలుపు పిట్ట గుడ్లు పెట్టేది ఆ మోడు తొర్రల్లోనే. వీటికి చెట్టు తొలుచుకునే ముక్కు లేదు, వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రో, పుచ్చిన కొమ్మో దొరకాలి. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో తగ్గిపోతున్న పక్షుల మధ్య పాలపిట్ట కూడా ఉంది.

పోయిన తొర్రకు బదులు వీటికి గూడుగా ఒక పెట్టె కట్టొచ్చు. దానికి ముప్పావు అంగుళం మందం చెక్క కావాలి. పాత తలుపుల టేకు దొరికితే అదే మేలు. మామిడి చెక్కకు పురుగు పడుతుంది, మామూలు ప్లైవుడ్ ఒక్క వానాకాలానికే ఉబ్బి పొరలు విడిపోతుంది. ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పు పడతాయి కాబట్టి స్టీలు స్క్రూలు వాడండి. ఇంతకన్నా చవక తాటి మొద్దు. ఒకటిన్నర అడుగుల ముక్కను నిలువునా చీల్చి, దోనె చెక్కినట్టు మెత్తటి గుజ్జు తీసేసి, రెండు బద్దలనూ తీగతో బిగిస్తే చాలు. పైనా కిందా చెక్క మూత వేయండి.

నల్లంచికి లోపలి అడుగు 5 అంగుళాల చదరం, లోతు 10, రంధ్రం పావు తక్కువ రెండంగుళాలు. రంధ్రం అడుగు నుంచి 6 అంగుళాల ఎత్తున ఉండాలి. రంధ్రం కాస్త పెద్దదైనా గోరింక ఆక్రమిస్తుంది, దాన్ని మళ్ళీ కదిలించడం మన వల్ల కాదు. పాలపిట్టకూ పైడికంటెకూ లోపలి అడుగు 9 అంగుళాల చదరం, లోతు 16. రంధ్రం పాలపిట్టకు రెండున్నర, గూబకు మూడు అంగుళాలు. ఈ సైజుకు గోరింకలు వస్తాయి, చిలుకలూ వస్తాయి. రానివ్వండి, వాటికీ తొర్రలు కరువే.

చాలామంది మర్చిపోయేది లోపలి గోడ. చిత్రిక పట్టిన నున్నటి చెక్క మీద పిల్లలకు గోళ్ళు ఆనవు, రెక్కలొచ్చాక కూడా పైకి ఎక్కలేక అడుగునే ఉండిపోతాయి. రంధ్రం కింద లోపలివైపు ఉలితో వేలెడు ఎడంగా అడ్డగాట్లు పెట్టండి. అడుగున పెన్సిలు దూరేంత బెజ్జాలు నాలుగు, పైకప్పు కింద గాలికి సన్నటి సందు, కప్పు ముందుకు మూడంగుళాల వాలు ఉండాలి. శుభ్రం చేయడానికి ఒక పక్క చెక్క తెరుచుకోవాలి. లోపల రంగు, వార్నిష్ వద్దు. రంధ్రం ముందు పుల్ల బిగించొద్దు, అది కాకికి మెట్టు. గూబకూ పాలపిట్టకూ అడుగున రెండంగుళాలు చిత్రిక పొట్టు పోయండి. చేతికి దొరుకుతుంది కదా అని కొబ్బరి పొట్టు పోస్తే తేమ పీల్చి ముద్దవుతుంది. నల్లంచి తన గడ్డి తనే తెచ్చుకుంటుంది.

కాపు కొబ్బరికి మేకు కొట్టకండి, గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. పాత సైకిల్ ట్యూబులోంచి తీగ దూర్చి కట్టండి. కొబ్బరి, తాడి లావెక్కవు గనక కట్టు అలాగే ఉంటుంది. మామిడికి, నిద్రగన్నేరుకు ఏటా వదులు చేయాలి, లేదంటే బెరడులోకి దిగిపోతుంది. గెలల కిందా, దింపువాళ్ళు ఎక్కే చెట్టుకూ, కల్లు గీసే తాడికీ పెట్టె వద్దు. నల్లంచి పెట్టె కోకో నీడ ఉన్న తోటలో 8 నుంచి 12 అడుగుల ఎత్తున, ఎకరానికి ఒకటే కట్టండి. అవి హద్దుల కోసం కొట్టుకుంటాయి. పాలపిట్టకు చేను కనబడే గట్టు చెట్టు కావాలి, 15 అడుగుల పైన. పురుగుమందు ఆగకుండా కొట్టే చేలో మిడతలుండవు, అక్కడ ఎంత మంచి పెట్టె కట్టినా దండగే. రంధ్రం ఉత్తరానికో తూర్పుకో చూడాలి, పడమటి ఎండ పడితే వేసవిలో పిల్లలు ఉడికిపోతాయి.

కార్తీకం దాటి తుపాన్ల భయం తగ్గాక, డిసెంబరులో కట్టేయండి. గూబలు ముందుగా, మిగతావి మార్చి నుంచి గుడ్లు పెడతాయి. పిట్ట చేరాక తెరిచి చూడొద్దు. గుడ్లు, పిల్లలు తీయడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

ఎలుకలు ఎక్కకుండా కొబ్బరి చెట్టుకు చుట్టే రేకే ఇక్కడా కాపలా: 16 అంగుళాల వెడల్పు, మనిషి ఎత్తు పైన. పక్క చెట్టు మట్టలు తగులుతుంటే రేకు ఉపయోగపడదు, జెర్రిపోతు అటునుంచి వచ్చేస్తుంది. ఉడుత పీచు కుక్కి ఉంటే గూడు కట్టకముందే లాగేయండి. తేనెపట్టు పడితే ఆ ఏటికి వదిలేసి, ఇంకో పెట్టె కట్టుకోవడం సులువు.

సెప్టెంబరులో దింపి, పాత గడ్డి తీసి, వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. తెరిచే ముందు కర్రతో తట్టి చూడండి, వానల్లో పాము చేరి ఉండొచ్చు, చేయి పెట్టకండి. గుడ్లు పెట్టే కాలాలు రెండు దాటినా పిట్ట రాకపోతే పెట్టెలో తప్పు వెతక్కుండా ముందు చెట్టు మార్చండి.