ఇంటి టీవీ, ఇంటర్నెట్ ఖర్చును సరిగ్గా పోల్చుకోవడం ఎలా?

నెలకు 499 రూపాయలకే ఇంటర్నెట్ అని ఉన్న కాగితం గేటుకు తగిలించి వెళతారు. పక్కింటివాళ్లు 899 రూపాయల ప్లాన్ తీసుకున్నారని తెలిస్తే అంత ఖర్చెందుకని అనిపిస్తుంది. తీరా ఏడాది చివర లెక్క వేస్తే రెండిళ్లలోనూ దాదాపు ఒకే మొత్తం ఖర్చై ఉండవచ్చు. ఎలాగో కింద లెక్క కట్టి చూపిస్తాను. ప్రకటనలోని నెలసరి ధరను పట్టుకుని పోల్చడంలోనే పొరపాటు ఉంది. మన ఇంట్లో చూసేవాటికి ఏడాది పొడవునా ఎంత అవుతుందో పోల్చాలి. ఒక నోటు పుస్తకం, వారం రోజుల ఓపిక ఉంటే చాలు.

1. వారం పాటు ఎవరేం చూస్తున్నారో రాయండి

ధరల జోలికి ఇంకా వెళ్లవద్దు. టీవీ పక్కన ఒక కాగితం పెట్టి, ఏ ఛానల్ ఎవరు చూశారో రోజూ రాయండి. మా ఇంట్లో ఇలా రాసినప్పుడు రెండు వందలకు పైగా వస్తున్న ఛానళ్లలో మేము చూస్తున్నవి పదకొండేనని తేలింది. అత్తయ్యగారికి పొద్దున భక్తి ఛానల్, సాయంత్రం ఆరు నుంచి పది దాకా రెండు ఛానళ్లలో సీరియళ్లు. మావయ్యగారికి వార్తలు. పిల్లలు టీవీ ముందు కూర్చున్నా చూసేది యూట్యూబే. క్రికెట్ ఉన్న రోజున మాత్రం అందరూ ఒకచోట చేరతారు.

అదే కాగితం మీద మరో రెండు విషయాలు రాయండి. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఇంట్లో ఒకేసారి ఎన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు నెట్ మీద నడుస్తున్నాయి? ఇప్పటికే డబ్బు కడుతున్న ఓటీటీలు (నెట్‌ఫ్లిక్స్ వంటివి) ఏవి, వాటిలో గత నెలలో తెరిచినవి ఎన్ని?

2. కేబుల్ లేదా డిష్ బిల్లును విడదీసి చూడండి

టీవీ బిల్లులో మూడు ముక్కలుంటాయి: నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు (ఛానళ్లను ఇంటిదాకా చేర్చినందుకు తీసుకునేది), ఛానళ్ల ధర, వాటి మీద 18 శాతం జీఎస్టీ. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పుడు మొదటి వంద ఛానళ్లకు ఈ ఫీజు 130 రూపాయలు మించకూడదన్నారు. 2020 మార్చి నుంచి అదే ఫీజుకు రెండు వందల ఛానళ్లు ఇవ్వాలన్నారు. పన్నుతో కలిపితే అది 153 రూపాయల 40 పైసలు. 2024 జులైలో ఆ గరిష్ఠ పరిమితిని ట్రాయ్ ఎత్తివేసింది. కాబట్టి ఇప్పుడు ఈ ఫీజు అందరికీ ఒకటే అనుకోవద్దు, ప్రతి సంస్థనూ విడిగా అడగండి.

తర్వాత ఛానళ్ల ధర. ప్రతి చెల్లింపు ఛానల్‌నూ విడిగా కొనుక్కునే హక్కు మనకుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువే. 19 రూపాయలకు మించిన ఛానల్‌ను ప్యాకేజీలో కలపకూడదన్న నిబంధన ఉంది. పేరున్న వినోద ఛానళ్లు చాలావరకు ఆ ధర దగ్గరే ఆగడానికి కారణం అదే. తెలుగు వార్తా ఛానళ్లలో చాలావాటికి విడిగా ధరే లేదు, అవి ఉచిత ఛానళ్లు.

ఇప్పుడు మీ కాగితం మీది ఛానళ్లకు ధర వేయండి. ఉదాహరణకు 19 రూపాయల ఛానళ్లు నాలుగు కావాలనుకుందాం. 76 రూపాయలు, పన్నుతో సుమారు 90. ఫీజు 153 అయితే మొత్తం 243. మీ ఆపరేటర్ 350 రూపాయల ప్యాకేజీ ఇస్తున్నట్లయితే నెలకు వంద రూపాయలకు పైగా చూడని ఛానళ్లకే పోతున్నాయన్నమాట. అయితే కావలసిన ఛానళ్లు ఏడెనిమిది దాటితే తగ్గింపుతో వచ్చే ప్యాకేజీయే చౌక కావచ్చు. రెండు విధాలా లెక్కించి చూడాల్సిందే.

దూరదర్శన్ ఉచిత డిష్ (డీడీ ఫ్రీ డిష్) సంగతి కూడా మరిచిపోవద్దు. ప్రసార భారతి 2004 నుంచి నడుపుతున్న ఈ సేవకు నెలసరి రుసుము లేదు. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే చాలు. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. తెలుగు సీరియళ్ల ప్రైవేటు ఛానళ్లన్నీ దొరకవు కాబట్టి ముందుగా ఛానళ్ల జాబితా చూసుకోండి.

3. ఎంత వేగం కావాలో తేల్చుకోండి

వేగాన్ని ఎంబీపీఎస్‌లలో చెబుతారు. ఇవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లే. ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 ఎంబీపీఎస్ కావాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. రాత్రివేళ రెండు హెచ్‌డీ వీడియోలు, ఒక వీడియో కాల్, నాలుగు ఫోన్లు నడిచే ఇంటికి 40 లేదా 50 ఎంబీపీఎస్ హాయిగా సరిపోతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మజూపితే దేనికని అడగండి. పడకగదిలో నెట్ రావడం లేదంటే చాలాసార్లు కారణం రౌటర్‌ను హాల్లో టీవీ వెనక మూలన పెట్టడం, మధ్యలో కాంక్రీటు గోడలుండటం. ప్లాన్ పెంచితే ఆ ఇబ్బంది తీరదు, రౌటర్‌ను ఇంటి మధ్యకు జరిపితే తీరవచ్చు.

డేటా అపరిమితం అన్న మాటకూ పరిమితి ఉంటుంది. తీగతో వచ్చే ఫైబర్ ప్లాన్లు చాలావాటిలో అది నెలకు 3,300 జీబీ. అంటే రోజుకు 110 జీబీ. గంటకు 3 జీబీ చొప్పున హెచ్‌డీ చూసినా అంత వాడటం ఒక కుటుంబానికి కష్టం. తీగ లేకుండా 5జీ సిగ్నల్‌తో వచ్చే ఎయిర్‌ఫైబర్ వంటి వాటిలో ఇది 1,000 జీబీ, రోజుకు 33. అందరూ టీవీని నెట్ మీదే చూసే ఇల్లయితే ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం.

4. అన్ని ధరలనూ ఏడాదికి మార్చండి

ఇదే అసలు మెట్టు. ప్రకటనలోని ధరకు 18 శాతం జీఎస్టీ కలపండి, ప్లాన్ రోజులతో భాగించండి, 365తో గుణించండి. 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు కడతాం. 30 రోజులదైనా పన్నెండు నెలలకు అయిదు రోజులు తక్కువే.

మొదట చెప్పిన రెండిళ్ల లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే.

మొదటి ఇల్లు: 499 రూపాయల ఇంటర్నెట్ పన్నుతో 588.82. ముప్పై రోజులకొకసారి కడితే ఏడాదికి 7,164. కేబుల్‌కు నెలకు 350 చొప్పున 4,200. ఒక ఓటీటీకి ఏడాది చందా 1,500. మొత్తం 12,864.

రెండో ఇల్లు: ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, ఆ ఓటీటీ అన్నీ కలిపిన 899 ప్లాన్. పన్నుతో 1,060.82. ఏడాదికి 12,907.

తేడా 43 రూపాయలు! ఇప్పుడు వారం రోజుల కాగితం తీయండి. రెండో ఇంటి ప్లాన్‌లో ఇచ్చే ఓటీటీలు పది ఉన్నా, మీరు చూసేది అందులో లేకపోతే మరో 1,500 కలపాలి. అప్పుడది 14,407. కేబుల్ ఎవరూ చూడని ఇల్లయితే మొదటి లెక్కలో 4,200 తీసేయవచ్చు. అప్పుడు మిగిలేది 8,664.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు ఏపీ ఫైబర్‌నెట్‌నూ ఈ పట్టికలో చేర్చండి. 2017 డిసెంబరులో అది మొదలైనప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి నెలకు 149 రూపాయలకు ఇచ్చింది. ఇప్పటి ధర స్థానిక ఆపరేటర్‌ను అడగండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ను కూడా వదలొద్దు. చిన్న ఊళ్లలో అది బాగా పనిచేసే చోట్లు ఉన్నాయి.

5. ప్రకటనలో లేనివి అడగండి

ఇన్‌స్టలేషన్ ఛార్జీ ఎంత? రౌటర్, సెట్‌టాప్ బాక్సు మనవా, అద్దెవా? డిపాజిట్ ఉంటే ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు? మధ్యలో మానేస్తే ఏం పట్టుకుంటారు? మూడు నెలల తగ్గింపు అయిపోయాక అసలు ధర ఎంత? రెండో టీవీకి ఎంత? ఈ ఖర్చులను కూడా ఏడాది మొత్తంలో కలపండి. పాత టీవీని నెట్‌కు కలపాలంటే విడిగా ఒక పరికరం కొనాలి, అదీ ఖర్చే.

తీగ ఎటు నుంచి వస్తుందో కూడా చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు ఎన్నో కాలనీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు ఉంటే ఇది చిన్న విషయం కాదు. కరెంటు పోతే రౌటరూ ఆగుతుంది. దానికి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఆ ఖర్చునూ రాయండి. పక్క ఫ్లాట్లవాళ్లను వానాకాలంలో, రాత్రి తొమ్మిదికి ఎలా వస్తోందని అడగండి. ఏ ప్రకటనా చెప్పని నిజం వాళ్లు చెబుతారు.

6. పెద్దవాళ్ల రిమోట్ గురించి ఆలోచించండి

ఈ మెట్టును ఏ పట్టికలోనూ చూపించలేను. అయినా నా దృష్టిలో ఇదే ముఖ్యం. డబ్బు మిగులుతుందని మేము ఒకసారి కేబుల్ తీసేసి అంతా నెట్ మీదికి మార్చాం. అత్తయ్యగారు ఏ రోజూ ఫిర్యాదు చేయలేదు. కానీ నాలుగు తెరలు దాటితే గాని సీరియల్ రాదు కాబట్టి, మేము ఇంటికి వచ్చేదాకా టీవీ పెట్టుకోకుండా కూర్చునేవారు. అది తెలిసిన నాడు నాకు చాలా బాధ కలిగింది. నెలకు 243 రూపాయలతో కేబుల్ మళ్లీ పెట్టించాం. డెబ్బై దాటిన మనిషి ఎవరినీ అడగకుండా ఒక్క బటన్‌తో తన ఛానల్ పెట్టుకోగలగాలి. ఆ 243 రూపాయలను లెక్కలోంచి కొట్టేయవద్దు.

7. మారేటప్పుడు

కొత్త సంస్థకు మొదటే ఏడాది డబ్బు కట్టకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. ఒక్క నెలకు కట్టి, రాత్రివేళ వేగం పరీక్షించి, నచ్చితే ఆరు నెలలకు వెళ్లండి. ఆ నెల పాత కనెక్షన్‌ను ఉంచుకోండి. ఆ అదనపు ఖర్చు వృథా కాదు.

పాతదాన్ని మానేసేటప్పుడు ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. రద్దు కోరిన ఫిర్యాదు నంబరు రాసుకోండి. బాక్సు, అడాప్టర్, రిమోట్ తిరిగి ఇచ్చేటప్పుడు వాటి మీది సీరియల్ నంబర్లు కనిపించేలా ఫొటో తీయండి. తీసుకెళ్లడానికి వచ్చిన వ్యక్తి చేత, ఫలానా తేదీన ఇవి అందాయని రాయించి సంతకం పెట్టించుకోండి. మాకు ఒక సంస్థ నుంచి డిపాజిట్ తిరిగి వచ్చింది ఆ కాగితం చూపించాకే.