పికప్ కొనే ముందు స్క్రూ తిప్పి చూడండి

ఎలక్ట్రిక్ గిటార్ పీలగా మోగుతోందని కొత్త పికప్‌కి (తీగల కింద ఉండి, వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టకి) డబ్బు పెట్టబోతున్నారా? ముందు ఉన్నదాని ఎత్తు సరిచూడండి. చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా అక్కడే తేలిపోతుంది.

చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పోల్ పీస్ (పికప్‌లో ఒక్కో తీగ కిందుండే లోహపు గుండీ) తల నుంచి తీగ అడుగు దాకా కొలవండి. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) తరహా సింగిల్ కాయిల్‌కి, అంటే ఒకే వైరు చుట్ట ఉన్న పికప్‌కి, లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ.తో మొదలుపెట్టండి. రెండు చుట్టలుండే హమ్‌బకర్‌కి రెండు వైపులా 1.6 మి.మీ. చాలు. పికప్ చివర్లలో ఉండే ఎత్తు స్క్రూని పావు చుట్టు తిప్పడం, వాయించి వినడం, అంతే. మోత పెరుగుతుంది కదా అని మరీ పైకి లేపితే అయస్కాంతం తీగని లాగేస్తుంది. 12వ ఫ్రెట్ పైన లావు తీగ మీటితే ఒకే స్వరం రెండుగా చీలి వణుకుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు. ఇది తెలియక బ్రిడ్జ్ శాడిల్స్‌తో (తీగలు ఆనే దిమ్మలతో) గంటలు కుస్తీ పట్టేవాళ్ళు బోలెడుమంది.

అప్పటికీ నచ్చకపోతే రకం మార్చాలి. సింగిల్ కాయిల్ టంగుమని విడివిడిగా పలుకుతుంది, దాంతోపాటు 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే మోతనీ పట్టుకుంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంటుకి పెట్టిన హమ్‌బకర్‌లో రెండో చుట్ట దిశ, అయస్కాంత ధ్రువం రెండూ తిరగబడి ఉంటాయి. దాంతో గుయ్‌మోత కొట్టుకుపోతుంది, తీగ నాదం మాత్రం కలిసి బలపడుతుంది. తీగని రెండు చోట్ల వింటుంది కాబట్టి పై హార్మోనిక్స్ (అసలు స్వరంతోపాటు మోగే సన్న స్వరాలు) కొన్ని పోయి, స్వరం గుండ్రంగా వస్తుంది.

పికప్ చుట్ట నిరోధం, అంటే కిలో ఓమ్‌లు, ఎక్కువుంటే మోత ఎక్కువని నమ్మకండి. సన్న వైరు చుట్టినా ఆ అంకె పెరుగుతుంది.

పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కిందుండే తిప్పే నిరోధాలు) సింగిల్ కాయిల్‌కి 250కె, అంటే 250 కిలో ఓమ్‌లు, హమ్‌బకర్‌కి 500కె. హమ్‌బకర్ వేసి పాత 250కె ఉంచేస్తే దుప్పటి కప్పినట్టు మోగుతుంది. ఇవి కొనడానికి ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తే మల్టీమీటర్, పాత నాబ్ వెంట తీసుకెళ్ళండి. 500కె అని రాసున్నది 400 చూపించినా ఆశ్చర్యం లేదు, పాట్ షాఫ్ట్ (ఇరుసు) నాబ్‌కి పట్టకపోతే మళ్ళీ బస్సెక్కాలి.

బిగించాక రెండు పికప్‌లూ కలిపితే ముక్కుతో పాడినట్టుందా? ఫేజ్ తిరగబడింది, అంటే రెండింటి సిగ్నళ్ళూ ఒకదానికొకటి ఎదురు తిరిగాయి. ఒకదాని రెండు వైర్లూ తారుమారు చేయండి. లోహపు మూత ఉన్నదైతే మూత గ్రౌండ్‌ని ముందు చుట్ట వైరు నుంచి విడదీయాలి, లేకపోతే మూత ముట్టినప్పుడల్లా గుయ్‌మంటుంది.