నల్లరేగడి నేలలో బేస్‌మెంట్ నింపుతున్నారా? మట్టిని ఇలా గట్టిపరచండి

మా నరసరావుపేట వైపు ఎవరింట్లోనైనా గచ్చు కుంగిందంటే నేను ముందు అడిగేది బేస్‌మెంట్‌లో మట్టి ఎలా నింపారని. "గ్రావెల్ తోలించి, మోటారు పెట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టామండీ" అంటారు. ఇసుకైతే నీళ్లకు కొంత సర్దుకుంటుంది. బంకమన్ను కలిసిన గ్రావెల్ అలా సర్దుకోదు. పైగా ఆ నీళ్లు కిందున్న రేగడిలోకి దిగితే అది ఉబ్బుతుంది, ఎండలు ముదిరితే ముడుచుకుంటుంది. అందుకే నీళ్లు నిలబెట్టొద్దు. మట్టిని తగినంత తడిపి, పల్చటి పొరలుగా పరిచి, దిమ్మిస కొట్టించండి.

మొదట మీ నేల ఎంత ఉబ్బే రకమో తెలుసుకోండి. ఎండబెట్టి, పొడి చేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేయాలి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మి.లీ. గీత దాకా పోసి, బుడగలు పోయేలా కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మి.లీ. మట్టం, నీళ్లలో 18 మి.లీ. మట్టం కనిపిస్తే ఉబ్బు 80 శాతం. 50 దాటిందంటే మామూలు పునాది సరిపోతుందా, అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీట్ స్తంభాలు) కావాలా అన్నది ఇంజినీరుతో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

పునాది తవ్విన రేగడిని మళ్లీ లోపల పోయనివ్వకండి. కూలీలు అటు తోసేస్తుంటారు, దగ్గరుండి చూడాలి. రేగడి మీద నేరుగా ఇసుక కూడా వద్దు, అందులో నీళ్లు చేరి నిలుస్తాయి. కొంచెం జిగురుండి, ఉబ్బే గుణం లేని గ్రావెల్ మంచిది. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కట్టి ఇలాంటి మట్టి పొర కింది రేగడి ఉబ్బును అణచిపెడుతుందని చూపించారు. రేగడి నేలల్లో కాలువల లైనింగ్ కింద ఆ పద్ధతినే వాడుతున్నారు. నడి ఎండల్లో నేల నెర్రెలిచ్చి ఉంటే దానిమీదే నింపడం మొదలెట్టకండి. పైపొర తీయించి, కొద్దిగా తడిపి, ఆ తర్వాత గ్రావెల్ వేయించండి.

ఇక అసలు పని తడి దగ్గర ఉంది. మరీ పొడిగా ఉంటే రేణువులు ఒకదానిలోకి ఒకటి జరగవు. నీళ్లు ఎక్కువైతే సందుల్లో నీళ్లే చోటు ఆక్రమిస్తాయి, ఎంత కొట్టినా దిగదు. ఈ రెంటి మధ్య సరైన తడి ఒకటుంటుందని అమెరికాలో ఆనకట్టలు కట్టిన ప్రాక్టర్ అనే ఇంజినీరు 1933లో చెప్పాడు. ఏ సాయిల్ ల్యాబ్‌కైనా మీ గ్రావెల్ పంపితే ప్రాక్టర్ టెస్ట్ చేసి ఆ తడి శాతం, ఆ తడిలో వచ్చే గరిష్ఠ పొడి సాంద్రత (తడి పోగా సీసీకి ఎన్ని గ్రాముల మట్టి) ఇస్తారు. సైట్‌లో అయితే పిడికెడు మట్టి పిసికి చూడండి. ముద్ద నిలవాలి, వేలితో నొక్కితే రెండు ముక్కలవ్వాలి, అరచేతికి నీళ్లు అంటకూడదు.

బేస్‌మెంట్ గోడ లోపలివైపు 15 సెం.మీ.కి ఒక గీత చొప్పున సుద్దతో గీయించండి. ఆ గీతలు ఉంటే "నాలుగు ట్రాక్టర్లు ఒకేసారి పోసేద్దాం సార్" అనే మాట రాదు. మట్టిని దిమ్మిసలా కొట్టే రామర్ మెషిన్ అద్దెకు దొరుకుతుంది. అది పట్టని మూలల్లో చేతి దిమ్మిసతో, 10 సెం.మీ. పొరలుగా కొట్టించాలి. గోడ పచ్చిగా ఉన్నప్పుడు దాని పక్కన మెషిన్ ఆడించకండి.

గట్టిపడిందో లేదో మడమతో తొక్కి చెప్పేస్తే నేను ఒప్పుకోను. ల్యాబ్ మనిషిని పిలిచి కోర్ కట్టర్ (మట్టి నమూనా తీసే ఇనుప గొట్టం) దించమనండి. రాళ్లు ఎక్కువుంటే అది దిగదు, శాండ్ రీప్లేస్‌మెంట్ టెస్ట్ (చిన్న గుంత తీసి, దాంట్లో ఇసుక పోసి ఎంత పట్టిందో కొలిచేది) చేయమనండి. కోర్ కట్టర్‌లో 1000 సీసీ మట్టి పడుతుంది. ఆ మట్టి 2,090 గ్రాములు తూగి, తడి 10 శాతం ఉంటే, సీసీకి 2.09 గ్రాములు కాబట్టి 2.09ని 1.10తో భాగించండి. పొడి సాంద్రత 1.90 వస్తుంది. ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠం 2.00 అయితే మీకు 95 శాతం వచ్చినట్టు. అంతకు తగ్గితే పై పొర వేయనివ్వకండి.

అంతా అయ్యాక ప్లంబర్ వచ్చి బాత్రూమ్ పైపుల కోసం కాలువ తవ్వి, మట్టిని పారతో లోపలికి లాగేసి వెళ్లిపోతాడు. గచ్చు ముందుగా కుంగేది ఆ కాలువ వెంటే. పైపులో నీళ్లు నింపి లీకు లేదని చూశాక, చుట్టూ చేతి దిమ్మిసతో పొరలుగా కొట్టించి, ఆ తర్వాతే కాంక్రీట్ బెడ్ వేయించండి.