జైలు ఆసుపత్రిలో అనవసర యాంటీబయాటిక్‌లను తగ్గించడం ఎలా

జైలు ఓపీలో అక్కర్లేని యాంటీబయాటిక్ రాయడానికి కారణం చాలాసార్లు వైద్యుడి అజ్ఞానం కాదు, ఆ ఖైదీని మళ్లీ ఎప్పుడు చూడగలమో తెలియకపోవడం. గొంతునొప్పితో వచ్చినవారికి రాత్రి జ్వరం పెరిగితే, బ్యారక్‌కు తాళం పడ్డాక ఎస్కార్టు దొరికి బయటి ఆసుపత్రికి చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందోనన్న భయంతో, ఎందుకైనా మంచిదని అజిత్రోమైసిన్ రాస్తారు. కాబట్టి ముందుగా సరిచేయవలసింది రెండోసారి చూసే ఏర్పాటునే.

యాంటీబయాటిక్ ఇవ్వకుండా పంపిన ప్రతి రోగి పేరునూ విడిగా ఒక రిజిస్టరులో రాసి, వారు అడిగినా అడగకపోయినా 48 గంటల తర్వాత ఓపీకి పిలిపించాలి. ఆయాసం, మింగలేకపోవడం, మగత కనిపిస్తే ఏ వేళలోనైనా తీసుకురావాలని వార్డర్లకు సూపరింటెండెంటు రాతపూర్వకంగా ఆదేశించాలి. తగ్గకపోతే రెండు రోజులాగి కొనుక్కోమని బయటివారికి చీటీ ఇవ్వవచ్చు గాని, మందుల షాపుకు వెళ్లలేని మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రెండు వారాలు దాటిన దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టడం, నా దృష్టిలో, అన్నింటికన్నా ప్రమాదకరం. ఆ మందు క్షయ క్రిములను కొంతకాలం అణచిపెట్టడం వల్ల రోగం తగ్గినట్టే కనిపిస్తుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది, ఈలోగా కిక్కిరిసిన బ్యారక్‌లో పక్కన పడుకునేవారికి అంటుకుంటుంది. ముందు కఫాన్ని క్షయ క్రిములను గుర్తించే ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్షకు పంపాలి.

గజ్జి విషయంలోనూ ఇదే తొందరపాటు కనిపిస్తుంది. చీము పట్టనప్పుడు యాంటీబయాటిక్‌తో పనిలేదు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి పాదాల దాకా, వేళ్ల సందుల్లోనూ రాత్రిపూట పూయించి, వారం తర్వాత మరోసారి పూయించాలి. బ్యారక్‌లో అందరికీ ఒకే రోజున పూయించి, దుప్పట్లనూ అదే రోజు వేడినీళ్లలో ఉతికించకపోతే దురద మళ్లీ మొదలవుతుంది. రక్తం పడని నీళ్ల విరేచనాలకు సాధారణంగా ఓఆర్ఎస్ చాలు. పంటి చీముకు మాత్రలకన్నా దంతవైద్యుడి చికిత్స ముఖ్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను యాక్సెస్ (మామూలు ఇన్ఫెక్షన్లకు ముందుగా వాడదగినవి), వాచ్ (జాగ్రత్తగా వాడవలసినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచవలసినవి) అని మూడు వర్గాలుగా విభజించింది. జైలు ఇండెంటులో, అంటే తెప్పించే మందుల జాబితాలో, యాక్సెస్ వర్గపు మందులకే పెద్దపీట వేసి, ఎందుకు, ఎన్ని రోజులకు అన్నది రాయని చీటీని ఫార్మసిస్టు వెనక్కి పంపే పద్ధతి పెట్టాలి. రిమాండు ఖైదీలకు కోర్సు మధ్యలో బెయిలు రావచ్చు, అదీ ఫార్మసిస్టు వెళ్లిపోయాక సాయంత్రం రావచ్చు. అందుకే మిగిలిన మాత్రలు, చీటీ ఉన్న కవరును పేరు రాసి గేటు సిబ్బంది వద్ద ముందే ఉంచాలి.