ఫైనాన్స్‌లో కొత్తగా అడుగుపెడుతున్నారా? దారి చూపే మనిషిని ఎలా వెతుక్కోవాలి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు బీకాం చేసిన మన తెలుగు పిల్లలకి చదువు కంటే పెద్ద టెన్షన్ ఇంకోటి ఉంటుంది. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు చుట్టాల్లో ఒక్కరూ ఉండరు. ఉన్న ఒక్క బాబాయ్ "బ్యాంకు పరీక్షలు రాయరా" అంటాడు. మంచి సలహానే, కానీ ఫైనాన్స్ అంటే అదొక్కటే కాదు కదా.

మొదట మీకేం కావాలో కాస్త తేల్చుకోండి. సీఏ దారి వేరు, బ్యాంకు దారి వేరు, కంపెనీలో అకౌంట్స్ వేరు. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్ఐఎస్ఎం (షేర్ మార్కెట్ శిక్షణ సంస్థ) పరీక్ష పాసై, మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి, అది ఇంకో లోకం. "ఫైనాన్స్‌లో గైడ్ చేయండి సార్" అంటే ఎవరైనా ఏం చెప్తారు? రెండు దారులకి కుదించుకున్నా చాలు.

తర్వాత ముంబైలో ఉన్న పెద్దమనిషికి లింక్డిన్‌లో మెసేజ్ పెట్టే ముందు మీ బజారులో వెతకండి. హోల్‌సేల్ కిరాణా కొట్టు, రైస్ మిల్లు, బంగారం షాపు... వీళ్ళ లెక్కలు ఎవరు చూస్తున్నారో అడిగితే రెండు మూడు పేర్లే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. మీరు వెళ్ళాల్సింది వాళ్ళ దగ్గరికే.

సీఏ చదివేవాళ్ళు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2023లో వచ్చిన కొత్త స్కీము ప్రకారం సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాక రెండేళ్ళు ఆర్టికల్‌షిప్, అంటే ఒక సీఏ దగ్గర పని నేర్చుకోవడం, చేయాలి, ఆ సీఏనే (ప్రిన్సిపల్ అంటారు) మీ మొదటి గురువు అవుతారు. సీఏల సంస్థ ఐసీఏఐ లెక్కలో ఒడిశా తూర్పు ప్రాంతం కిందికి, ఆంధ్ర దక్షిణ ప్రాంతం కిందికి వస్తాయి, అయినా మీరు విశాఖ వెళ్ళి చేయడానికి అడ్డేమీ లేదు, భువనేశ్వర్ వెళ్ళినా సరే. నన్నడిగితే పేరు మోసిన పెద్ద ఆఫీసులో రెండేళ్ళూ ఒకే రకం పని చేసే బదులు ఆడిట్, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ మూడూ చేతిమీదుగా వెళ్ళే చిన్న ఆఫీసు మేలు. చేరే ముందు అక్కడ ఆర్టికల్‌షిప్ చేస్తున్నవాళ్ళని పక్కకి పిలిచి అడగండి: సార్ తప్పు దిద్ది చెప్తారా, తిట్టి వదిలేస్తారా? పరీక్షలకి సెలవు ఇస్తారా?

కలవడానికి ఎప్పుడు వెళ్ళాలో కూడా చూసుకోవాలి. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్‌లలో జీఎస్టీఆర్-1కి (అమ్మకాల వివరాలు) 11వ తేదీ, 3బీకి (పన్ను కట్టే రిటర్న్) 20వ తేదీ గడువు కాబట్టి 19న ఫోన్ చేస్తే ఎంత మంచివాళ్ళయినా విసుక్కుంటారు. సెప్టెంబరు చివర్లో ట్యాక్స్ ఆడిట్ హడావిడి, మార్చి చివర్లో బ్యాంకు వాళ్ళకి ఊపిరాడదు. 22 దాటాక సాయంత్రం పూట వెళ్ళండి.

"మీరు నాకు మెంటర్‌గా ఉంటారా" అని మాత్రం అడక్కండి, తాము దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్ళకే అర్థం కాదు. చిన్న ప్రశ్న, అదీ మీరు కొంత పని చేసి చిక్కుకున్న ప్రశ్న పట్టుకెళ్ళండి. వాట్సాప్‌లో ఇలా రాయొచ్చు (జీఎస్టీఆర్-2బీ అంటే సప్లయర్లు వేసిన రిటర్న్‌ల ఆధారంగా మన కొనుగోళ్ళపై వచ్చే పన్ను క్రెడిట్ చూపే పట్టిక):

"నమస్తే సార్. నేను పర్లాకిమిడిలో బీకాం పూర్తి చేశాను. ట్యాలీ వచ్చు. మా కొట్టు కొనుగోలు బిల్లులు జీఎస్టీఆర్-2బీతో సరిచూస్తుంటే మూడు బిల్లులు కనబడలేదు. సప్లయర్ ఆలస్యంగా రిటర్న్ వేస్తే ఆ క్రెడిట్ ఏ నెలలో తీసుకోవాలో అర్థం కాలేదు. మీకు వీలున్న రోజు పది నిమిషాలు కలవొచ్చా?"

వాళ్ళు చెప్పింది చేసి, ఏమైందో రెండు లైన్లు తప్పకుండా తిరిగి చెప్పండి. సలహా అడిగేవాళ్ళు బోలెడంత మంది, చేసి వచ్చి చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే రెండో ప్రశ్నకి తలుపు తెరుచుకుంటుంది.

మీ దగ్గరా ఇవ్వడానికి ఒకటుంది. ఒడియాలో వచ్చిన కాగితం చదివి తెలుగు వ్యాపారికి విడమరిచి చెప్పగలరు, విశాఖ నుంచి ఇటు క్లయింట్లున్న ఆఫీసుకి అది బాగా పనికొస్తుంది, మొహమాటపడకుండా మొదటే చెప్పండి. అలాగని నెలల తరబడి జిరాక్సులు, టీలు తేవడమే పనైతే దండం పెట్టి బయటికి వచ్చేయండి.

ఇక టెలిగ్రామ్ "గురువులు". ఫీజు కడితే ఆప్షన్స్‌లో (షేర్ల ధర ఎటు కదులుతుందో పందెం లాంటి ట్రేడింగ్) రోజూ లాభమంటారు. 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే 2024లో లెక్క చెప్పింది. షేర్ల సలహాలకి డబ్బు అడిగేవాళ్ళెవరైనా సరే, పేరు సెబీ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్డ్ జాబితాలో ఉందో లేదో చూశాకే మాట్లాడండి.

ఊళ్ళో ఒకరు, బయట ఒకరు దొరికితే మొదటి ఏడాదికి సరిపోతుంది. మెసేజ్‌కి జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళిపోండి.