మోకాళ్ల నొప్పికి వ్యాయామ చికిత్స – నాలుగో పాఠం: కూర్చోవడం

మూడో పాఠంలో చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం నేర్చుకున్నాం. ఆ తర్వాత చాలామంది ఒకటే మాట చెప్పారు: నొప్పి తగ్గకపోగా పెరిగిందని. మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కులో నాతో సాధన చేసే పెద్దలదీ అదే మాట కావడంతో, మెట్లు ఎక్కడం గురించి రాయవలసిన ఈ పాఠాన్ని పక్కన పెట్టి, వాళ్లు చేస్తున్న తీరును దగ్గరుండి గమనించాను. లేవడం బాగానే ఉంది. తప్పు తిరిగి కూర్చోవడంలో ఉంది.

సగం దాకా ఒంటిని ఆపుకుంటూ దిగి, అక్కడి నుంచి ఒక్కసారిగా చతికిలబడుతున్నారు. లేచేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు ముడుచుకుంటూ బరువును పైకెత్తుతాయి. కూర్చునేటప్పుడు అవే కండరాలు సాగుతూ, బండికి బ్రేకు వేసినట్టు, బరువును పట్టి ఉంచుతాయి. మెట్లు దిగడానికి, సిటీ బస్సు దిగడానికి, కమోడు మీద కూర్చోవడానికి కావలసింది ఈ రెండో పనే. చతికిలబడితే ఆ పనిలో సగం మానేసినట్టే. ఎముకలు గుల్లబారినవారికి ఆ కుదుపు వల్ల వెన్నుపూస చితికే ప్రమాదం కూడా ఉంది. అందుకే, లేవడం ఒక వ్యాయామమనీ, కూర్చోవడం విశ్రాంతి అనీ అనుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

నిదానంగా కూర్చోవడానికి మా బృందంలో ఒక పెద్దావిడ పాటించే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఆవిడ "కేశవ, నారాయణ, మాధవ, గోవింద" అని పైకి పలుకుతూ, నాలుగో నామానికి కుర్చీని తాకుతారు. కేశవ నామాలు ఇరవై నాలుగు కనుక ఒక ఆవృత్తికి ఆరుసార్లు కూర్చోవడం పూర్తవుతుంది. పైకి పలికేవారు ఊపిరి బిగబట్టలేరు. ఊపిరి బిగబట్టి కష్టపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కనుక, ఇది లెక్కకే కాదు, రక్షణకూ పనికొస్తుంది. నామాలు వద్దనుకునేవారు అంకెలు లెక్కపెట్టినా చాలు.

నొప్పి పెరగడానికి మరో కారణం సోఫా. సీటు ఎంత కిందికి ఉంటే మోకాలిపై అంత భారం పడుతుంది. చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద దుప్పటి గట్టిగా మడిచి వేసి ఎత్తు పెంచండి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. నేనెవరికీ దాన్ని సూచించను.

అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకు పెట్టారు. మోకాళ్లకు అమృతాంజనం రాసుకుని సాధనకు వచ్చేవారూ ఉన్నారు. రాసుకోండి, కానీ కండరానికి బలం సాధనతోనే వస్తుంది.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఆరుసార్లు కూర్చుని లేచి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఆరుసార్లు చేయండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు; మర్నాడు ఉదయానికి వాపు వచ్చినా, నొప్పి ఎక్కువైనా మరో దుప్పటి వేయండి. లేవగానే కళ్లు తిరిగేవారు, ఈమధ్యే మోకాలి మార్పిడి చేయించుకున్నవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు. పన్నెండోసారి కూడా నాలుగో నామం దాకా సీటు తగలకుండా దిగగలిగిన రోజున ఒక్క మడత మాత్రమే తీయండి.